ఏడు సెంటీమీటర్ల రింగు

ఈమధ్య మా ఇంటికి వచ్చే కుర్రాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న. "అంకుల్, పెద్ద సెన్సారున్న కెమెరా కొన్నాను. నక్షత్రాల ఫొటోలు తియ్యాలి. దీనికి ఏ టెలిస్కోప్ కొంటే బావుంటుంది?"

తాళిబొట్టు చేయించుకొచ్చి, ఇక పిల్లని చూడండి అన్నట్టుంటుంది వీళ్ళ వరస. సరే, కొన్నారు కదా. నేను ఒక్కటే అడుగుతాను. "నీ సెన్సారు మూల నుంచి మూలకి ఎంత?" ఒక్కడూ చెప్పడు. మెగాపిక్సెళ్ళు చెబుతారు, కంపెనీ పేరు చెబుతారు, ఎవరో వీడియోలో ఏమన్నాడో చెబుతారు. "అవన్నీ నీ దగ్గరే ఉంచుకో నాయనా, నేనడిగింది మూలలు" అంటాను. గొంతు పెరుగుతుంది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "మంచినీళ్ళయినా ఇవ్వకుండా ఆ కసురుకోవడం ఏంటండీ" అని నన్నే కసురుతుంది.

ఎందుకు కసురుకుంటానో ఆ పిల్లలకి ఎప్పుడూ చెప్పలేదు. సిగ్గేసింది. ఇప్పుడు రాస్తున్నాను.

నా పని

నూజివీడులో ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో మెకానిక్కుగా చేరి, అక్కడే రిటైరయ్యాను. ఎప్పుడు ఏ గ్రేడు వచ్చింది, ఎవరు అడ్డుపడ్డారు అన్న పురాణం మీకెందుకు. పని మాత్రం చెబుతాను. మైక్రోస్కోపులు, త్రాసులు, స్పెక్ట్రోమీటర్లు బాగుచెయ్యడం. లేని సామాను ఉన్నట్టు చేసి ఇవ్వడం. ఏప్రిల్ వచ్చిందంటే సగం క్లాసు మామిడితోటల్లో కాయలు కోయిస్తూ ఉంటుంది కాబట్టి, ఆ రెండు నెలలూ ల్యాబంతా విప్పి తుడిచి మళ్ళీ బిగించడం.

బయటివాళ్ళు దీన్ని స్క్రూడ్రైవరు పని అనుకుంటారు. కాదు. ఇది కొలిచే పని. కొలిచింది నిజంగా చెప్పే పని. రెండో ముక్క నాకు ఎవరూ నేర్పలేదు. పంతొమ్మిదివందల ఎనభైలో నేనే నేర్చుకున్నాను, చాలా చెడ్డగా నేర్చుకున్నాను.

అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు. ఉద్యోగం టెంపరరీ. ప్రతి జూన్‌లోనూ ఉంటుందో ఊడుతుందో తెలియక పొట్ట చేతపట్టుకుని ప్రిన్సిపాల్ గది బయట నిలబడేవాణ్ణి. ఇది సాకుగా చెప్పడం లేదు. ఆ భయం అప్పుడు నా చేత ఎన్ని పనులు చేయించిందో మీకు తెలియాలి కదా, అందుకు చెబుతున్నాను.

గ్రేస్ మేడం పంతం

మా ఫిజిక్స్ లెక్చరర్ గ్రేస్ మేడం. ఊరు ఉంగుటూరు. నాన్నగారు చర్చి స్కూల్లో టీచరు. నలభై దాటిన మనిషి, సన్నగా, గబగబా నడిచేవారు. చాక్‌పీసు చేతిలో ఉంటే గొంతు అరిచినట్టుండేది, లేకపోతే అసలు వినపడేది కాదు.

ఎనభై ఫిబ్రవరిలో, శివరాత్రి వెళ్ళిన అమావాస్యకి, సంపూర్ణ సూర్యగ్రహణం. మన నూజివీడుకి పూర్తిగా పట్టదు, చిన్న ముక్క మిగిలిపోతుంది. ఖమ్మం వైపు వెళితే రెండు నిమిషాల పైచిలుకు పూర్తిగా పడుతుంది. ఆ రెండు నిమిషాల్లోనే సూర్యుడి చుట్టూ తెల్లటి వెలుగు కనిపిస్తుంది. దాన్ని కరోనా అంటారు. ఇప్పుడు ఆ మాట వింటే అందరికీ జబ్బు గుర్తొస్తుంది గానీ, మాకప్పుడు అది సూర్యుడి కిరీటం.

మేడంకి ఆ కిరీటం మొత్తం, అంచుల దాకా, ఒకే ఫొటోలో కావాలి. "మళ్ళీ మన చుట్టుపక్కల ఇలాంటిది నా బతుకులో రాదు కోటేశూ. వచ్చేసరికి నేనుండను" అన్నారు. (నా పేరు కోటేశ్వరరావు. ఆవిడ ఒక్కరే కోటేశు అనేవారు.)

ప్రిన్సిపాల్ గారు నవ్వారు. "మామిడికాయల ఊళ్ళో మనకెందుకమ్మా సూర్యచంద్రుల గొడవ? తలుపులేసుకుని ఇంట్లో కూర్చోండి, గ్రహణం విడిచాక స్నానం చేద్దురుగాని." మేడం నవ్వలేదు. కాలేజీ టెలిస్కోప్ తీసుకెళ్తాననీ, దానికేమన్నా అయితే తనదే బాధ్యత అనీ కాగితం రాసి సంతకం పెట్టి బల్ల మీద ఉంచారు. ఆ కాగితం రెండుసార్లు చదివాను. బాధ్యత ఆవిడదే గానీ, చెయ్యి నాది.

గొట్టం కోత

మా టెలిస్కోప్ పాత ఇత్తడిది. ముందు ఐదంగుళాల కటకం, ఆరడుగుల పైన పొడవు. దాని ఫోకల్ లెంగ్తుని నూటపదితో భాగిస్తే ఫిల్ము మీద సూర్యుడు ఎంత పడతాడో వస్తుంది. మాకు పదిహేడు మిల్లీమీటర్లు వచ్చింది, కోటు గుండీ అంత. మామూలు కెమెరాలో ఫిల్ము ఎత్తు ఇరవై నాలుగు మిల్లీమీటర్లే. గుండీ పడుతుంది, చుట్టూ కిరీటానికి జాగా లేదు. అందుకని పెద్ద ఫిల్ము కెమెరా కావాల్సి వచ్చింది.

ఊళ్ళో అలాంటిది ఒక్కటే ఉంది, స్టూడియో సత్యం గారి దగ్గర. షష్టిపూర్తి గ్రూపు ఫొటోలకి తెప్పించుకున్నాడు. ఇటుకరాయంత బరువు. "సిక్స్ బై సెవెన్ అయ్యా ఇది! కృష్ణా జిల్లాలో ఎవడి దగ్గరుందో చెప్పు?" అని మీసం దువ్వుకునేవాడు. మేడం అడిగితే కాదనలేకపోయాడు. నాతో మాత్రం విడిగా అన్నాడు. "గీత పడిందా, ఇక నువ్వూ నేనూ మాట్లాడుకునే పనుండదు."

కెమెరా తెచ్చి గొట్టం వెనక పట్టి చూశాను. ఫోకస్ రాలేదు. ఎంత లోపలికి తోసినా దూరంగా ఉన్న తాటిచెట్టు పాలల్లో ముంచినట్టే ఉంది. కారణం తెలియడానికి రెండురోజులు పట్టింది. ఆ కెమెరా లోపల అద్దం తిరగడానికి పెద్ద గది ఉంది. లెన్సు తీసేసినా నోటి నుంచి ఫిల్ము దాకా చాలా దూరం. టెలిస్కోప్ బొమ్మ అంత బయటికి పడదు. బయటికి రావాలంటే గొట్టం నాలుగంగుళాలు కొయ్యాలి.

ఇప్పటి పిల్లలకీ ఇదే తంటా. టెలిస్కోప్ వెనక కెమెరాకి ఎంత దూరం మిగులుతుందో కొనేముందు చూసుకోరు.

మేడంతో చెప్పాను. ఆవిడ కాసేపు గొట్టాన్ని చేత్తో నిమిరి, "కొయ్యి" అన్నారు.

"కోసిందాన్ని మళ్ళీ అతికించలేమండీ."

"కోసిన ముక్కకి మరలు వేసి మళ్ళీ తగిలించుకునేలా చెయ్యలేవా?"

"చెయ్యగలను గానీ..."

"మరింకేంటి? కొయ్యి."

కోస్తున్నంతసేపూ గది బయట నిలబడ్డారు. రంపం ఆగిన ప్రతిసారీ "ఏమైంది?" అని వినపడేది. నా చెమట ఇత్తడి మీద పడుతుంటే తుడుచుకుంటూ కోశాను. కోత తిన్నగా వచ్చింది. ఆ ముక్కని తుడిచి బెంచీ మీద పెట్టాను.

ఆరూ ఏడూ

తర్వాత గొట్టానికీ కెమెరాకీ మధ్య రింగు. వెనక కంటికటకం పెట్టే సన్నగొట్టం తీసేసి, దాని చోట వెడల్పాటి రింగు బిగించాలి. మైలవరంలో మస్తాన్ అని లేతు షాపు ఉండేది. పొలాల మోటర్లకి బుష్షులు తిప్పేవాడు. చేతిలో కత్తి పెడితే వెంట్రుకని నిలువునా చీలుస్తాడని పేరు.

"లోపల బోరు ఎంత వెడల్పు పెట్టమంటావ్?" అని అడిగాడు.

నా తప్పు ఇక్కడ జరిగింది. ఫిల్ము పేరు సిక్స్ బై సెవెన్, అంటే ఒక పక్క ఆరు సెంటీమీటర్లు, ఇంకో పక్క ఏడు. సత్యం గారు నెలరోజులుగా నా చెవిలో ఆరూ ఏడూ అని ఊదరగొడుతున్నాడు. ఆరు చిన్నది, ఏడు పెద్దది. పెద్దది పడితే చిన్నది ఎలాగూ పడుతుంది కదా. "ఏడు సెంటీమీటర్లు" అన్నాను.

"ఏడేనా? సరే. చాలకపోతే పట్టుకొచ్చెయ్, అరగంటలో పెంచుతా. పెంచడం ఎంతసేపు, తగ్గించడమే కుదరదు."

వెలుగు టెలిస్కోప్‌లోంచి గుండ్రంగా వస్తుంది. ఫిల్ము నలుచదరంగా ఉంటుంది. గుండ్రంలో నలుచదరం పట్టాలంటే పక్కలు కాదు కొలవాల్సింది, మూలలు. ఏడో తరగతి లెక్క. డిగ్రీ పిల్లలకి నేనే పరికరాలు అమర్చి పెట్టేవాణ్ణి, నాకు తట్టలేదు.

రింగు చేయించడానికి నేను రాసిన కాగితం మీద గ్రేస్ మేడం అంకె కూడా చూడకుండా సంతకం చేశారు. ఆవిడకి నా కొలతంటే అంత నమ్మకం.

తేనెమంచు

రింగు తయారయ్యేలోపు గొట్టాన్ని స్టాండు మీద నిలబెట్టి సూర్యుడి వెంట తిప్పడం ప్రాక్టీసు చెయ్యాలి. మధ్యాహ్నం మూడు దాటాక పడమటి ఎండ కావాలి. కాలేజీ వెనక మామిడితోట చివర జాగా బావుంది. పూత విరగబూసి ఉంది, తోటంతా వాసన. స్టాండు బరువని రోజూ మోసుకురాలేక, గొట్టాన్ని అక్కడే ఒక చెట్టు పక్కన గోనెపట్టా కప్పి వదిలేశాను. పట్టా ముందువైపు జారిందని నాకు తెలియదు.

మర్నాడు పొద్దున చూస్తే కటకం మీద సన్నటి చుక్కలు. మంచు పడిందనుకున్నాను. ఎండెక్కితే ఆరిపోతుందని కూర్చున్నాను. ఎండెక్కింది, చుక్కలు పోలేదు. మెత్తటి గుడ్డ తీసి తుడవడం మొదలెట్టాను. అవి పాకాయి. కటకమంతా జిడ్డు అలికినట్టయింది, గుడ్డలోని దుమ్మంతా దానికి అంటుకుంది. ఇంకా గట్టిగా తుడవబోయాను.

"ఆగు ఆగు, ఏంటయ్యా ఆ తుడుపు!" అని కేక. తోటలో పనిచేసే నాంచారమ్మ, మందు కొట్టే డబ్బా పక్కనపెట్టి పరిగెత్తుకొచ్చింది. వేలితో కటకం అంచు తాకి నాలిక మీద పెట్టుకుంది. "ఇది మంచు కాదు, తేనెమంచు. పూతకి పట్టిన పురుగు పైనుంచి కారుస్తది. చెట్టుకింద పడుకుంటే మా జుట్లే అట్టలు కట్టుద్ది. పొడిగుడ్డతో తుడిస్తే ఇసక రుద్దినట్టే. గోరెచ్చటి నీళ్ళు కావాల."

ఈ ప్రాంతంలో పుట్టి పెరిగినవాణ్ణి. తేనెమంచు అన్న మాట చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. పూత మాడ్చేస్తుందని రైతులు తిట్టుకోవడమూ విన్నాను. అయినా గాజు మీద చుక్క కనపడగానే మామూలు మంచే అనుకున్నాను. మనకి తెలిసిన విషయమైనా, మన పనిలో ఎదురైతే గుర్తుపట్టలేం.

మేడంకి చెప్పడానికి వెళ్ళాను. "మంచు పడిందండీ" అంటే "ఆరనివ్వు" అన్నారు. "మంచంటే ఆ మంచు కాదండీ" అని మొత్తం చెప్పేసరికి ఆవిడ ముఖం పాలిపోయింది. "గీతలు పడ్డాయా?" అన్నారు. తెలియదన్నాను. గ్రహణం ఇంకా వారం ఉంది.

కటకం విప్పాల్సి వచ్చింది. అది ఒక గాజు కాదు, రెండు గాజుల జంట. ఏది ఏ వైపు తిరిగి ఉందో, ఒకదాని మీద ఒకటి ఏ కోణంలో కూర్చుందో తప్పితే బొమ్మ చెడుతుంది. అంచున పెన్సిల్‌తో గీత పెట్టుకుని, మణికట్టుని బల్లకేసి అదుముకుని తీశాను. గోరువెచ్చటి నీళ్ళు, దూది. నాలుగుసార్లు కడిగాను. అంచు దగ్గర సన్నటి గీతలు రెండు మిగిలాయి, ఫొటోకి అడ్డురావు. మళ్ళీ బిగించి ఫోకస్ సరిచూసేసరికి నాలుగు రోజులు పోయాయి. 

చూడకపోవడం

శివరాత్రి ముందురోజు రింగు తెచ్చాను. చక్కగా కూర్చుంది. మర్నాడు సామాను సర్దుతూ, కెమెరా వెనక మూత తెరిచి ఫిల్ము చోటుని చూస్తున్నాను. ఏమీ తోచక స్కేలు తీసి మూల నుంచి మూలకి పెట్టాను.

తొమ్మిదికి ఒక్క గీత తక్కువ.

 రింగు ఏడు. మూలలకి వెలుగు చేరదు.

దీనికి పరీక్ష ఉంది. ఇప్పుడూ అందరికీ చెబుతాను. ఫిల్ము ఉండే మూలలో కన్ను పెట్టి టెలిస్కోప్ ముందు కటకాన్ని చూడాలి. కటకం నిండు గుండ్రంగా కనిపిస్తే ఆ మూలకి పూర్తి వెలుగు వస్తున్నట్టు. కోసిన మామిడిచెక్కలా కనిపిస్తే కొంత వెలుగు ఎక్కడో తెగుతున్నట్టు. ఏమీ కనపడకపోతే ఆ మూల చీకటి. సూర్యుడి వైపు కాకుండా ఆకాశం వైపు తిప్పి చూడాలి సుమా. ఐదు నిమిషాల పని.

ఆ ఐదు నిమిషాల పని నేను చెయ్యలేదు. శివరాత్రి, మైలవరంలో షాపు మూసి ఉంటుంది, రేపు పొద్దున్నే ప్రయాణం, చూసి మాత్రం ఏం లాభం అని నాకు నేను చెప్పుకున్నాను. ఇవన్నీ కల్లబొల్లి మాటలు. మస్తాన్ ఇల్లు షాపు వెనకే. తలుపు కొడితే లేచి చేసేవాడు, అరగంట అని నోటితో చెప్పాడు కూడా. బస్సులు తిరుగుతూనే ఉన్నాయి. అసలు సంగతి వేరు. గొట్టం కోశాను, కటకం పాడుచెయ్యబోయాను, ఇప్పుడు రింగు కూడా తప్పు అని ఏ ముఖం పెట్టుకుని చెప్పను? చూస్తే తెలిసిపోతుంది. తెలిస్తే చెప్పాలి. అందుకని చూడలేదు. "కిరీటం మూలల దాకా ఎక్కడొస్తుందిలే" అనుకుని, స్కేలు జేబులో పెట్టుకున్నాను.

రెండు నిమిషాలు

ఖమ్మం వైపు ఒక ఊళ్ళో హైస్కూల్ గ్రౌండులో దిగాం. నేనూ, మేడం, తన కెమెరాని వదిలి ఉండలేక వెంట వచ్చిన సత్యం గారూ. ఆ శనివారం ఊరు ఊరంతా తలుపులేసుకుంది. గర్భిణీ స్త్రీలున్న ఇళ్ళకి కిటికీలకి కూడా దుప్పట్లు. ఆకాశంలో మబ్బు తునక లేదు. అది చూసి మేడం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. నేను మబ్బు రావాలని కోరుకున్నాను. దేవుడి మీద ఒట్టు, ఆ గ్రౌండులో మబ్బు రావాలని కోరుకున్న వెధవని నేనొక్కణ్ణే.

పావు తక్కువ నాలుగవుతుండగా ఎండ పలచబడింది. నీడలు కత్తితో కోసినట్టు తయారయ్యాయి. చల్లగాలి. కాకులు చెట్లెక్కాయి. ఒక్కసారిగా చీకటి.

పెద్ద కెమెరా షట్టరు కొడితే గొట్టం అదురుతుంది. అందుకని షట్టరు తెరిచి ఉంచి, కటకం ముందు నల్ల అట్ట పట్టుకోవాలి, తీసి, లెక్కపెట్టి, మళ్ళీ మూసెయ్యాలి. అట్ట నా చేతిలో. మేడం లెక్క. ఫిల్ము తిప్పడం సత్యం గారు. "ఒకటి... మూసెయ్. ఒకటి, రెండు, మూడు, నాలుగు... మూసెయ్." ఆవిడ ఏడ్చేస్తున్నారు, ఏడుస్తూనే లెక్క తప్పలేదు. ఎనిమిది ఫొటోలు తీశాం. ఆఖర్న ఒక అంచున వజ్రంలా వెలుగు పొడుచుకొచ్చింది, అయిపోయింది. సత్యం గారు "అమ్మబాబోయ్" అని నేల మీద కూర్చుండిపోయాడు.

మేడం నా చెయ్యి పట్టుకుని "మనం సాధించాం కోటేశూ" అన్నారు. దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

"ఆకాశం అంతేనండీ"

సోమవారం సత్యం గారి డార్క్‌రూములో కడిగాం. ఎర్రదీపం కింద కాగితం మీద బొమ్మ తేలుతుంటే మేడం తొట్టి మీదికి వంగి చూశారు. నల్లటి సూర్యుడు, చుట్టూ వెలుగు రేకులు. బ్రహ్మాండంగా ఉంది. ఎక్కువసేపు తీసిన ఫొటోలో ఒక కిరణం పై మూల వైపు పొడుగ్గా వెళ్ళి, మూల దగ్గర గుటుక్కున ఆగిపోయింది. నాలుగు మూలలూ నల్లగా ఉన్నాయి.

"ఈ మూలలు ఇలా ఉన్నాయేంటి కోటేశూ?"

ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణంలో చెప్పెయ్యొచ్చు.

"ఆకాశం అంతేనండీ. అక్కడ వెలుగు లేదు."

ఆవిడ తల ఊపారు. నమ్మారు.

ఆ ఫొటో హైదరాబాదు పంపారు, ఆకాశం మీద పరిశోధన చేసేవాళ్ళకి. నెలరోజులకి ఉత్తరం వచ్చింది. మెచ్చుకున్నారు. ఒక అనుమానం కూడా రాశారు. తాము తీసిన ఫొటోల్లో ఆ కిరణం ఇంకా పొడుగ్గా ఉందిట, మీదాంట్లో తెగినట్టుంది, పరికరం వల్ల కాదు కదా అని. మేడం నా ముందే జవాబు రాశారు. రింగు మా ల్యాబులో కొలిచి చేయించింది, దాంట్లో సందేహం లేదు అని. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ పెన్ను కదిలినప్పుడల్లా నా జేబులో స్కేలు తడుముకున్నాను.

అక్కడితో పోలేదు. ఆవిడకి ఒక ఆలోచన వచ్చింది. వాళ్ళు తీసిన చోటుకీ మేం తీసిన చోటుకీ గ్రహణం రెండు మూడు నిమిషాల తేడాలో పట్టింది. అంతలోనే ఆ కిరణం మారిపోయిందేమో! అలా అయితే అది మామూలు విషయం కాదు. రాత్రింబవళ్ళు లెక్కలు వేశారు. మేలో హైదరాబాదులో మీటింగు, వచ్చి మాట్లాడమని పిలిచారు. మా కాలేజీ నుంచి అలాంటి చోటుకి వెళ్ళినవాళ్ళు ఎవరూ లేరు. ప్రిన్సిపాల్ గారు కూడా ఎదురొచ్చి "వెళ్ళి రండమ్మా" అన్నారు.

నా ఏడు సెంటీమీటర్ల రింగు నీడని పట్టుకుని, అంతమంది పెద్దల ముందు, సూర్యుడి గురించి కొత్త సంగతి చెప్పబోతున్నారు ఆవిడ. ఒక్కడు లేచి మూలలు చూపించి నవ్వితే చాలు. ఇక ఆవిడ మాట ఎవరూ వినరు. చెబితే నా ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఆవిడ పరువు పోతుంది. మూడు వారాలు ఈ రెండిటి మధ్యా నలిగాను. మా అమ్మ నాకు గాలి సోకిందని తాయెత్తు కట్టించింది.

బస్టాండులో

ఆవిడ సూట్‌కేసు మోసుకుని బస్టాండుకి వెళ్ళాను. విజయవాడ బస్సు, అక్కణ్ణుంచి రైలు. మే నెల కదా, టాపు మీదికి రసాల బుట్టలు ఎక్కిస్తున్నారు, బస్సు కదలడం లేదు. ఆ బుట్టలు లేకపోతే నేను చెప్పేవాణ్ణి కాదేమో.

మేడం కిటికీ పక్కన కూర్చుని కాగితాలు తిరగేస్తున్నారు.

"మేడం, ఒక మాట."

"చెప్పు."

"మూలలు ఆకాశం వల్ల కాదండీ. రింగు వల్ల."

కాగితాలు ఆగాయి. "ఎంత పెట్టావు?"

"ఏడు."

"ఎంత ఉండాలి?"

"తొమ్మిది పైన. మూల నుంచి మూలకి కొలవలేదు నేను."

ఆవిడ మనసులో లెక్క వేసుకోవడం నాకు కనిపించింది.  ఫొటో తీసి, ఆ తెగిన కిరణం మీద వేలు పెట్టి మూల దాకా జరిపారు. పైన బుట్టలవాళ్ళు అరుచుకుంటున్నారు. తిడతారనుకున్నాను. తిడితే బావుండుననుకున్నాను.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

ఈ ప్రశ్న వస్తుందనుకోలేదు. ఫొటో కడిగాక తెలిసిందని చెప్పొచ్చు. ఎవరికీ తెలియదు.

"బయల్దేరే ముందురోజు అండీ."

"ముందురోజా?"

"అవునండీ. శివరాత్రినాడు."

"అప్పుడు చెప్పుంటే..." అన్నారు. ఆపేశారు. కండక్టరు విజిల్ వేశాడు. బస్సు కదిలింది. ఆవిడ నా వైపు చూడలేదు.

నాలుగు రోజులు ల్యాబుకి వెళ్ళి ఊరికే కూర్చున్నాను. నా సామాను ఒక సంచిలో సర్ది పెట్టుకున్నాను కూడా. ఐదో రోజు వచ్చారు. ఏమైందని అడిగే ధైర్యం నాకు లేదు, ఆవిడే చెప్పారు. వేదిక ఎక్కగానే ముందు మూలలు చూపించారట. "ఇది మా రింగు నీడ. లోపలి బోరు ఏడు సెంటీమీటర్లు, తొమ్మిది ఉండాలి. ఈ కిరణం ఇక్కడ ఆగలేదు, మా ఫిల్ముకి చేరలేదు. తప్పు నాది" అని చెప్పి, మిగిలిన లోపలి భాగం గురించే మాట్లాడి దిగిపోయారట. ఎవరూ నవ్వలేదు. ఒక పెద్దాయన లేచి వచ్చి, ఇంత స్పష్టంగా లోపలి రేకులు మాకెవరికీ రాలేదమ్మా అన్నాడట.

"తప్పు మీదని ఎందుకన్నారండీ?"

"చూడకుండా సంతకం పెట్టింది నేనే కదా" అన్నారు. నా ఉద్యోగం గురించి ఒక్క మాట ఎత్తలేదు. జూన్‌లో ప్రిన్సిపాల్ గారికి ఆవిడే రాసి నన్ను ఉంచారు, మరుసటేడు పర్మనెంటు చేయించారు.

పిల్లలూ, తప్పు కొలత పెద్ద నేరం కాదు. మస్తాన్ చెప్పినట్టు అరగంటలో పెంచొచ్చు. తెలిశాక నోరు మూసుకుంటే, దాన్ని సరిచేసే లేతు ఏదీ లేదు.

ఆ తర్వాత పదహారేళ్ళు గ్రేస్ మేడం కిందే పనిచేశాను. పండక్కి మా ఇంటికి కేకు పంపేవారు. మా అమ్మ పోతే వచ్చి రోజంతా కూర్చున్నారు. నా మీద కోపం లేదు, ఆ విషయం నాకు తెలుసు. కానీ నేను ఏం కొలిచి ఇచ్చినా, "థాంక్స్ కోటేశూ" అని తీసుకుని, సొరుగులోంచి తన స్కేలు తీసి మళ్ళీ కొలిచేవారు. చాటుగా కాదు, నా ఎదురుగానే, మామూలుగా. ఒక్కసారైనా కొలవకుండా తీసుకుంటారేమోనని ప్రతిసారీ చూసేవాణ్ణి. ఆవిడ రిటైరవుతున్న వారంలో, ఉంగుటూరు ఇంటి కిటికీకి పగిలిన అద్దం వెయ్యాలి, ముక్క కోసివ్వమని అడిగారు. కోసి పట్టుకెళ్ళాను. సొరుగు తెరిచారు. నాలుగు పక్కలూ కొలిచి, ఆ తర్వాత స్కేలు ఏటవాలుగా పెట్టి మూల నుంచి మూలకి కూడా కొలిచారు.

"సరిగ్గానే ఉంది కోటేశూ" అన్నారు.